గోకు వచ్చేలోగా

సటోరు గోజోను చంపడం తమవల్ల కాదని విలన్లకు ముందే తెలుసు. ‘జుజుత్సు కైసెన్’ అనే జపాన్ బొమ్మల కథ (మాంగా)లో షిబుయా ఘట్టం మొదలయ్యేదే అక్కడ. అతని మీద ఎవరు ఏ దెబ్బ వేసినా అది వెంట్రుకవాసి దూరంలో ఆగిపోతుంది, ఒంటికి తగలదు. అందుకని వాళ్లు చంపే ఆలోచన మానుకుని బంధించే ఉపాయం పన్నుతారు. హాలోవీన్ రాత్రి టోక్యోలోని షిబుయాలో మామూలు జనాన్ని బయటికి పోనివ్వకుండా నిర్బంధించి, గోజోను పంపమని వాళ్ల నోటితోనే అరిపిస్తారు. స్టేషన్‌లో నేల అడుగున అయిదో అంతస్తు ప్లాట్‌ఫాం, కాలు పెట్టే సందు లేని జనం. గోజో తన అసలు శక్తిని 0.2 సెకన్లే వాడతాడు. అంతకు మించితే ఆ మామూలు మనుషులు తట్టుకోలేరు. ఆ తర్వాత 299 సెకన్లలో, శత్రువులు వికృతాకారాలుగా మార్చి వదిలిన వెయ్యిమందిని తుదముట్టిస్తాడు. ఊపిరి పీల్చుకునేలోగా అతని ముందు ఒక పెట్టె తెరుచుకుంటుంది.

ఆ పెట్టెకు ఒక నియమం ఉంది. బంధించాల్సిన మనిషి ఒక నిమిషం పాటు దాని దగ్గరే ఉండాలి. గోజో అంతటివాడు నిమిషం ఎందుకు నిలబడతాడు? అప్పుడే వెనక నుంచి ఒక గొంతు పలకరిస్తుంది. తిరిగి చూస్తే, తన చేతులతోనే అంతం చేసిన ప్రాణస్నేహితుడి ముఖం. ఆ నిమిషం గడియారంలో గడవనక్కర్లేదు, మనసులో గడిస్తే చాలు. ఇద్దరూ కలిసి చదువుకున్న మూడేళ్లూ ఒక్క క్షణంలో గోజో తలలో తిరిగిపోతాయి. పెట్టె మూసుకుంటుంది.

గెగే అకుతామి రాసి గీసిన ఈ కథ జపాన్ వారపత్రిక ‘షోనెన్ జంప్’లో 2018 నుంచి 2024 దాకా 271 అధ్యాయాలు నడిచింది. అందులో వందకు పైగా అధ్యాయాలు గోజో ఆ పెట్టెలోనే ఉన్నాడు. అభిమానులు అంతగా ఆరాధించే పాత్రను అన్నాళ్లు అటకెక్కించడం చిన్న సాహసం కాదు. అయితే నాకు ఆ మాంగాలో అన్నిటికంటే ఇష్టమైన భాగం గోజో లేని ఆ రాత్రే.

ఆ రాత్రి నానామిని చూడండి. ఒకప్పుడు ఆఫీసులో ఉద్యోగం చేసి, విసిగి, మళ్లీ దుష్టశక్తులతో పోరాడే ఈ ప్రమాదకరమైన పనిలోకి వచ్చినవాడు. సూటు, టై, కళ్లద్దాలు, వేళకు పని ముగించి ఇంటికి పోవాలనుకునే స్వభావం. షిబుయాలో సగం ఒళ్లు కాలి బొగ్గయిపోయాక కూడా అతను నడుస్తూనే ఉంటాడు. చేతిలో ఆయుధం, ఎదురుగా గుంపు. మనసు మాత్రం మలేసియాలో కువాంతన్ సముద్రతీరం మీద ఉంటుంది. అక్కడో ఇల్లు కట్టుకుని, కొని చదవకుండా పేర్చిపెట్టిన పుస్తకాలన్నీ ఒక్కొక్కటీ చదువుకోవాలని ఆశ. ఆ ఊహలోనే శత్రువు చెయ్యి అతని గుండె మీద పడుతుంది. శిష్యుడిలాంటి కుర్రాడు యూజి ఆ క్షణానికే అక్కడికి చేరుకుని చూస్తాడు. గోజో బయట ఉండి ఉంటే నానామి అలా నడవాల్సిన అవసరమే వచ్చేది కాదు. ఆ పుస్తకాల సంగతీ మనకు తెలిసేది కాదు.

అమిత బలశాలి అయిన హీరో రచయితకు మొదట వరం, పోనుపోను భారం. షోనెన్ జంప్‌లో రాసేవాళ్ల పరిస్థితి తెలిస్తే ఇది బాగా అర్థమవుతుంది. వారానికి ఇరవై పేజీల లోపు కథ ఇవ్వాలి. పాఠకులు తమకు నచ్చిన కథల పేర్లు కార్డుల మీద రాసి పంపుతారు. వెనకబడిన కథను ఆపేస్తారు. ఆ ఒత్తిడిలో హీరో గెలవాలి, గెలిచాక వాడికంటే బలమైన శత్రువు రావాలి, వాడిని గెలవడానికి హీరో ఇంకా ఎదగాలి. ఇలా కొన్నేళ్లు గడిచేసరికి, మొదటి సంపుటంలో హీరోకి సరిజోడుగా పోరాడిన స్నేహితుడు పదిహేనో సంపుటంలో బండరాయి చాటున నిలబడి ‘ఎంత శక్తి!’ అని నోరెళ్లబెట్టడానికి మిగులుతాడు. ఆ స్నేహితుణ్ణి మళ్లీ మనిషిగా నిలబెట్టాలంటే రచయిత ముందు హీరోను అక్కడి నుంచి కదిలించాలి.

ఈ పని అకిరా తొరియామా చేసినంత బాగా ఆ రోజుల్లో మరొకరు చేయలేదని నా అభిప్రాయం. 1984లో మొదలై 1995లో ముగిసిన ‘డ్రాగన్ బాల్’ 42 సంపుటాల కథ. మన దగ్గర ఇరవై ఏళ్ల కిందట కార్టూన్ నెట్‌వర్క్‌లో బడి నుంచి రాగానే చూసిన తరానికి గోకు అంటే కొట్టేవాడు, గెలిచేవాడు. కానీ ఆ కథను వరుసగా చదివితే గోకు ఎన్నిసార్లు చోటు ఖాళీ చేశాడో తెలిసి ఆశ్చర్యమేస్తుంది. చచ్చిపోయి పరలోకంలో ఉంటాడు. ఒళ్లంతా విరిగి ఆస్పత్రిలో పడతాడు. అంతరిక్ష నౌకలో దారిలో ఉంటాడు. గుండెజబ్బుతో మంచం పడతాడు.

మొదటి పెద్ద గైర్హాజరీ వెజీటా, నప్పా అనే ఇద్దరు సైయన్లు భూమ్మీద దిగినప్పుడు. గోకు అప్పటికి ఏడాదిగా చనిపోయి ఉన్నాడు. పరలోకంలో పది లక్షల కిలోమీటర్ల పాము దారి దాటి కాయో అనే గురువు దగ్గర విద్య నేర్చుకుంటున్నాడు. తిరుగు ప్రయాణానికి ఎంత సమయం పడుతుందో లెక్కవేయడం ఆ గురువు మరిచిపోతాడు. ఆ ఒక్క మరుపుతో గోకు సమయానికి రాలేని పరిస్థితి వస్తుంది. కింద భూమ్మీద గోకు స్నేహితుల్లో యమ్చా చచ్చిపోతాడు. చావోజు తనను తాను పేల్చుకుంటాడు. చెయ్యి తెగిపోయిన టెన్షిన్‌హాన్ ఉన్న ప్రాణమంతా ఒక్క దెబ్బలో పెట్టి కూలిపోతాడు. గోకు వస్తాడని విన్న వెజీటా మూడు గంటల గడువు ఇస్తాడు. మిగిలినవాళ్లు ఆకాశం వైపు చూస్తూ కూర్చుంటారు. గడువు తీరుతుంది, గోకు రాడు.

అప్పుడు నప్పా అయిదేళ్ల గోహాన్ మీద దాడి చేస్తాడు. అడ్డం వచ్చి నిలబడేది పిక్కొలో. గోకును చంపాలని పుట్టినవాడు, గోకు కొడుకును ఎత్తుకుపోయి అడవిలో వదిలి కఠినంగా సాధన చేయించినవాడు. రెండు చేతులూ చాచి ఆ దెబ్బంతా తన ఒంటి మీద తీసుకుంటాడు. గోకు అక్కడ ఉంటే ఆ చేతులు చాచే అవసరం వచ్చేది కాదు. పిక్కొలో ఎంత మారిపోయాడో పాఠకుడికే కాదు, పిక్కొలోకీ తెలియకుండా పోయేది.

తర్వాత గోకు వస్తాడు, నప్పాను అవలీలగా మట్టి కరిపిస్తాడు. పాఠకులు చప్పట్లు కొట్టే చోటు అది. సాధారణ రచయితలు అక్కడితో మిగిలినవాళ్లను తుడిచేస్తారు. తొరియామా అలా చేయలేదు. వెజీటా దగ్గరికి వచ్చేసరికి గోకు బలం చాలదు. ఎముకలు విరిగి కదల్లేక పడి ఉంటాడు. వెజీటా పెద్ద వానరంగా మారినప్పుడు వాడి తోక నరికేది ఎవరు? యాజిరోబే. అంతసేపూ రాయి చాటున దాక్కున్న పిరికివాడు, లావుపాటి కత్తివీరుడు. గోకు కూడగట్టిన శక్తిగోళాన్ని విసిరేది అతని స్నేహితుడు క్రిలిన్. దాన్ని వెనక్కి కొట్టి వెజీటాకు తగిలించేది గోహాన్. ఆ రోజు భూమిని కాపాడిన చేతులు లెక్కపెడితే గోకువి రెండు మాత్రమే. ఇంకోటి కూడా ఉంది. పిక్కొలో చావుతో, అతనితో ప్రాణం ముడిపడిన భూదేవుడు కూడా చచ్చిపోయాడు, కోరికలు తీర్చే డ్రాగన్ బంతులు రాళ్లయిపోయాయి. చచ్చినవాళ్లను బతికించుకోవాలంటే అలాంటి బంతులే ఉన్న నమెక్ గ్రహానికి వెళ్లాల్సి వచ్చింది. గోకు లేనప్పుడు జరిగిన దానికి గోకు వచ్చాక కూడా విలువ తగ్గలేదు. తర్వాతి కథంతా దాని మీదే నిలబడింది.

హీరోను తప్పించడం ఏ రచయితైనా చేయగలడు. జ్వరం రప్పించవచ్చు, దారి తప్పించవచ్చు, పెట్టెలో పెట్టవచ్చు. అసలు పరీక్ష హీరో తిరిగి వచ్చిన పేజీలో మొదలవుతుంది. అతను లేనప్పుడు మిగిలినవాళ్లు చేసినదాన్ని ఆ రాక చెరిపేస్తే, ముందు జరిగినదంతా హీరో ఎంట్రీకి పేర్చిన మెట్లే అవుతుంది. చెరపకపోతే కథలో మనుషులు పెరుగుతారు.

మన పాఠకులకు ఇది కొత్త విద్యేమీ కాదు. భారతంలో పదమూడో నాడు సంశప్తకులు అర్జునుణ్ణి దూరంగా లాక్కుపోకపోతే అభిమన్యుడికి పద్మవ్యూహం లేదు. సాయంత్రం అర్జునుడు తిరిగి వచ్చాక ఆ చావు చెరిగిపోలేదు. మర్నాడు సూర్యాస్తమయంలోగా సైంధవుణ్ణి చంపుతానన్న ప్రతిజ్ఞగా మారి, ఒక రోజు యుద్ధాన్నంతటినీ నడిపించింది. 1957లో వచ్చిన ‘మాయాబజార్’లో పాండవులు ఒక్క ఫ్రేములోనూ కనిపించరు. అయిదుగురు మహావీరుల కుటుంబ కథ, ఆ అయిదుగురూ లేకుండానే మూడు గంటలు నడుస్తుంది. వాళ్లు లేరన్న వెలితి ఎవరికీ తోచదు. ఎందుకంటే ఆ ఖాళీలో ఘటోత్కచుడు ఉన్నాడు. భీముడు ఒక్కసారి గదతో వచ్చి నిలబడి ఉంటే ఎస్వీ రంగారావు పాత్ర కొడుకు పాత్రగా మిగిలిపోయేది.

మళ్లీ జపాన్‌కు వస్తాను. ‘వన్ పంచ్ మ్యాన్’ ఈ సమస్యను తలకిందులుగా పట్టుకుంది. వన్ అనే పేరుతో రాసే రచయిత 2009లో ఇంటర్నెట్‌లో మొదలుపెట్టిన ఈ కథను 2012 నుంచి యూసుకే మురాతా కొత్తగా గీస్తున్నాడు. హీరో సైతామా మొదటి పేజీ నుంచే ఎవరినైనా ఒక్క గుద్దుతో చంపగలడు. ఇక ఎదగడానికేమీ లేదు. మరి కథ ఎక్కడుంది? అతను వచ్చేలోగా నిలబడేవాళ్లలో ఉంది.

సముద్రం నుంచి వచ్చిన ఒక రాక్షసరాజు జనం తలదాచుకున్న చోటికి చొరబడతాడు. పై తరగతి హీరోలు ఒక్కొక్కరే ఓడిపోతారు. ఒక చిన్నపిల్లను కాపాడబోయి జెనోస్ అనే యంత్రవీరుడు ఆమ్లంలో కరిగిపోతాడు. వానలో సైకిల్ మీద వచ్చేది ముమెన్ రైడర్. ఆ లోకంలో హీరోలకు తరగతులున్నాయి, అతనిది అట్టడుగు తరగతి. ప్రత్యేక శక్తులేమీ లేవు, సైకిల్, తలకు హెల్మెట్, అంతే. తాను గెలవలేనని అతనికి తెలుసు, జనానికి తెలుసు, రాక్షసుడికీ తెలుసు. ఒక్క దెబ్బకు పడిపోతాడు, లేస్తాడు, మళ్లీ పడతాడు. గెలుపోటముల సంగతి కాదు, నేను ఇక్కడ నిలబడాల్సిందే అన్నది అతని మాటల సారం. జనం వానలో నిలబడి అతని పేరు అరుస్తారు. మురాతా ఆ పేజీల్లో రైడర్ ముఖాన్ని గీసిన శ్రద్ధ, మరే హీరో గుద్దుకూ తక్కువ కాదు.

సైతామా అప్పుడొస్తాడు. కింద పడబోతున్న రైడర్‌ను పట్టుకుని నిలబెడతాడు. ఒక్క గుద్దుతో రాక్షసుడు పోతాడు, వాన మబ్బులు కూడా చీలిపోతాయి. మామూలుగా అయితే కథ ఇక్కడ ముగియాలి. గుంపులో ఒకడు నోరు పారేసుకుంటాడు. ఇంత సులువుగా చచ్చేవాడి చేతిలో ఓడిన పెద్ద హీరోలు ఎందుకూ పనికిరానివాళ్లేనా అంటాడు. అప్పుడు సైతామా ఒక అబద్ధమాడతాడు. తాను రాకముందే మిగిలినవాళ్లు రాక్షసుణ్ణి నీరసింపజేశారని, తాను ఆఖర్న వచ్చి పేరు కొట్టేశానని అందరికీ వినపడేలా చెబుతాడు. జనం అతన్ని మోసగాడనుకుంటారు, ముమెన్ రైడర్ వీరుడిగానే మిగులుతాడు. నేను పైన చెప్పిన పరీక్షలో ఇంతకంటే ఎక్కువ మార్కులు తెచ్చుకున్న హీరో నాకు తెలియదు. రచయిత చేయాల్సిన పని ఇక్కడ పాత్రే చేసింది.

ఇటీవలి వాటిలో ‘ఫ్రీరెన్’ను మెచ్చుకోకుండా ఉండలేను. 2020లో మొదలైన ఈ మాంగాలో ఫ్రీరెన్ వెయ్యేళ్లకు పైగా బతికిన మాంత్రికురాలు, ఆమెకు ఎదురు నిలిచేవాళ్లు తక్కువ. ఒక పరీక్షలో ఆమెకు అచ్చం ఆమెలాంటి నకలే శత్రువుగా ఎదురవుతుంది. అసలు, నకలు సరిసమానం. దారి చూపేది శిష్యురాలు ఫెర్న్. మంత్రం వేసే రెప్పపాటులో గురువు ఎదుటివాళ్ల శక్తిని పసిగట్టడం ఆపేస్తుందని, కొత్తగా నేర్చుకునేవాళ్లు చేసే ఆ పొరపాటు ఆమెలో ఇంకా ఉందని ఫెర్న్‌కు తెలుసు. ఏళ్ల తరబడి పక్కనే ఉండి, వండిపెట్టి, నిద్రలేపి, కనిపెట్టి చూసిన పిల్లకే తెలిసే లోపం అది. ఫ్రీరెన్‌ను ఎక్కడికీ పంపకుండా, ఆమె బలాన్ని ఆమెకే ఎదురు పెట్టి, పక్కనున్న పిల్లకు వెలుగిచ్చారు ఆ రచయితలు.

ఈ పరీక్షలో ఓడిపోయిన రచయితలూ ఉన్నారు. ‘నరుటో’లో షికమారు తన గురువును చంపిన హిడాన్‌ను ఎదుర్కొనే ఘట్టంలో నరుటో వేరేచోట సాధనలో ఉంటాడు. తెలివే ప్రధాన ఆయుధమైన ఆ కుర్రాడు చావులేని శత్రువును అడవిలోకి లాక్కుపోయి గోతిలో పూడ్చేస్తాడు. అలాంటి రచన చేసిన మసాషి కిషిమోతోయే చివరి యుద్ధానికి వచ్చేసరికి నరుటో, సాసుకేలను దేవుళ్లంత ఎత్తుకు లేపి, వాళ్లతో పెరిగిన పిల్లలందరినీ చూసేవాళ్లుగా నిలబెట్టాడు. రాక్ లీ అనే కుర్రాడు మంత్రాలు రాకపోయినా కష్టంతో ఎవరినైనా గెలవొచ్చని నమ్మినవాడు. అతనికి ఆ యుద్ధంలో దక్కింది చాలా తక్కువ. నాకది ఇప్పటికీ బాధే.

జుజుత్సు కైసెన్ కూడా చివర్లో తడబడింది. పెట్టెలోంచి వచ్చిన గోజో, కథలో అందరికంటే పెద్ద శత్రువైన సుకునాతో పోరాడి 2023లో చనిపోయాడు. అభిమానుల కోపం నాకు అర్థమవుతుంది. అయితే నా ఫిర్యాదు ఆ చావు మీద కాదు. ఆ తర్వాత మిగిలినవాళ్లు ఒకరి తర్వాత ఒకరు వరుసలో నిలబడి సుకునా మీదికి వెళ్లి పడిపోతూ వచ్చారు. షిబుయాలో నానామికి దొరికిన తీరిక వాళ్లలో చాలామందికి దొరకలేదు. పెద్దవాణ్ణి తీసేస్తే చాలదు, ఆ ఖాళీలో నిలబడేవాడి మనసులో ఏముందో చూపించడానికి పేజీలు ఇవ్వాలి. గోజో శిష్యుడు యూటా, చచ్చిపోయిన గోజో శరీరంలోకే దూరి పోరాడటం నాకు అన్నిటికంటే నచ్చని సంగతి. అంత కష్టపడి పెంచిన కుర్రాడు చివరికి గోజో ముఖం తొడుక్కోవాల్సి రావడమేమిటి?

తొరియామాకూ చివర్లో ఈ లాగులాట తప్పలేదు. సెల్ అనే శత్రువుతో పోరులో గోకు తానే ఓటమి ఒప్పుకుని పక్కకు తప్పుకుని, రంగం గోహాన్‌కు అప్పగించాడు. ఆ తర్వాత గోహాన్‌నే హీరోగా నడపాలని మొదలుపెట్టి, అతను ఆ పాత్రకు సరిపడలేదనిపించి మళ్లీ గోకు దగ్గరికే వచ్చానని తొరియామాయే చెప్పుకున్నాడు. అయినా ఆఖరి పోరులో ఆయన చేసిన పని చూడండి. ఆఖరి శత్రువు బూను చంపాలంటే భూమ్మీది జనమంతా చేతులు పైకెత్తి తమ శక్తి ఇవ్వాలి. అప్పటికి గోకు పక్షాన చేరిన వెజీటా అడిగితే జనం పట్టించుకోరు, గోకు అడిగినా అంతంతే. వాళ్లెవరో జనానికి తెలియదు. మిస్టర్ సేతాన్ అడిగితే ఇస్తారు. లేని గొప్పలు చెప్పుకుని బతికిన యుద్ధకళల ఛాంపియన్, కథలో అన్నాళ్లూ నవ్వులపాలైనవాడు. విశ్వంలోనే బలవంతుడి చేతుల మీద ఉన్న శక్తిగోళం ఒక బడాయికోరు గొంతు కోసం ఎదురుచూసింది. 2024 మార్చిలో తొరియామా పోయినప్పుడు అందరూ గోకు బొమ్మలు పెట్టుకుని నివాళి అర్పించారు. నాకు యాజిరోబే, మిస్టర్ సేతాన్ గుర్తొచ్చారు.

2025 సెప్టెంబరు సంగతి కూడా ఒకటి చెప్పాలి. ఆ నెలలో ‘డీమన్ స్లేయర్: ఇన్ఫినిటీ కాసిల్’ సినిమా మన థియేటర్లలో తెలుగు డబ్బింగ్‌తోనూ విడుదలైంది. అందులో హీరో తాంజిరో చాలాసేపు తెర మీద ఉండడు. షినోబు తన అక్క చావుకు పగ తీర్చుకోబోయి ఓడిపోతుంది, జెనిట్సు ఒకప్పటి తోటి శిష్యుడితో తలపడతాడు. ఆ పోరాటాలను మన ప్రేక్షకులు ఆదరించారు. హీరో ఎక్కడని వాళ్లు అడగలేదు. మన మాస్ సినిమాలో మాత్రం హీరో స్నేహితుడు ఇంటర్వెల్‌కు ముందు చచ్చిపోవడానికి, చెల్లెలు ఏడవడానికి, తండ్రి గుండె పట్టుకుని పడిపోవడానికే ఉంటున్నారు. వాళ్ల దెబ్బలన్నీ హీరో కోపానికి ఎలివేషన్ కోసమే. సెకండాఫ్‌లో ఒక్క అరగంట హీరోను ఊరవతల పెట్టి, ఆ స్నేహితుడికో చెల్లెలికో ఒక పూర్తి పోరాటం రాసి చూడమని మన రచయితలను అడుగుతున్నాను. హీరో తిరిగి వచ్చాక, వాళ్లు గెలిచిన దాన్ని మళ్లీ అతని చేత గెలిపించవద్దని కూడా అడుగుతున్నాను.